స్లాబుకి 9 రోజులే ఉంది: మూడు టీవీలు, ఇల్లంతా పాటలు... ఏ వైర్లు లాగించాలి?

కాకినాడ_కొత్తిల్లు
కాకినాడలో ఇల్లు కడుతున్నాం, కింద ఒక పోర్షను, పైన ఒకటి. కింద స్లాబు అయిపోయింది. పై స్లాబుకి సెంట్రింగు నడుస్తోంది, ఇంకో 9 రోజుల్లో కాంక్రీటు. ఎలక్ట్రీషియన్ ఫ్యాన్లకీ లైట్లకీ పైపులు పరిచేసి, "టీవీలకి ఏమైనా కావాలంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత గోడ గాడి కొట్టమంటే నావల్ల కాదు" అని కూర్చున్నాడు.

నా కోరికలు ఇవీ. కింద హాల్లో ఒక టీవీ, అమ్మానాన్నల గదిలో ఒకటి, పైన మా గదిలో ఒకటి. సెట్‌టాప్ బాక్సు మాత్రం ఒక్కటే, మెట్ల కింద ఎక్కడో దాచేసి, ఏ గదిలోంచైనా ఛానల్ మార్చుకోవాలి. రెండోది, పొద్దున్నే అమ్మ పెట్టే దేవుడి పాటలు పూజగదిలో, వంటింట్లో, వరండాలో ఒకేసారి రావాలి. ఆదివారం సాయంత్రం డాబా మీద కూడా.

ఒక షోరూముకి వెళ్తే మెట్ల కింద ర్యాకు, ఏ బాక్సు బొమ్మనైనా ఏ టీవీకైనా పంపే మ్యాట్రిక్స్ అనే పెట్టె, సీలింగు స్పీకర్లు 8, గోడకి టచ్ ప్యానెల్, అన్నీ కలిపి 4 లక్షల 60 వేలు అన్నారు. నాన్న ఆ కాగితం చూసి "ఈ డబ్బుకి మెట్లన్నిటికీ గ్రానైట్ వస్తుందిరా" అని లేచి వెళ్ళిపోయారు. నిజంగా అంత అవుతుందా? నేనే చేయించుకుంటే ఎక్కడికి ఏ వైరు?

వైర్‌మన్_వాసు
వైర్ల సంగతి తర్వాత, ముందు పైపులు వేయించండి. వైరు రేపు మార్చుకోవచ్చు, స్లాబులో పైపు మార్చలేరు. ప్రతి టీవీ వెనక్కీ 25 ఎంఎం పైపులు రెండు, మెట్ల కింది నుంచి. కరెంటు పైపులోనే ఇవి కూడా తోసేస్తానంటాడు మీవాడు, ఒప్పుకోకండి. కరెంటు పైపుకి కనీసం అడుగు దూరం ఉండాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కన వెళ్ళకూడదు. మలుపు దగ్గర ఎల్బో వద్దు, లాంగ్ బెండు.

మాదాపూర్_మ్యూట్
వాసు గారు చెప్పింది నేను మూడేళ్ళ క్రితం వినుంటే బాగుండేది. ఫ్లాటు ఇంటీరియర్ చేయించినప్పుడు హాల్నుంచి బెడ్రూముకి 15 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబులు గోడలో వేయించాను, మామూలు రాగిది. పాత టీవీకి బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత 4కే టీవీ కొంటే ప్రతి ఐదు నిమిషాలకీ తెర నల్లబడటం, మళ్ళీ రావడం. తీసి కొత్తది వేద్దామంటే ప్లగ్గు తల మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. ఆ కేబులు ఇప్పటికీ గోడలోనే ఉంది, సమాధి కట్టినట్టు. పైన పెయింటింగు తగిలించాం.

వైర్‌మన్_వాసు
అదే అందరూ చేసే పొరపాటు. 4కే 60 ఫ్రేముల బొమ్మకి సెకనుకి 18 గిగాబిట్లు పోవాలి, మామూలు రాగి హెచ్‌డీఎంఐ ఐదు మీటర్లు దాటితే నమ్మకం లేదు. దూరం ఎక్కువైతే ఫైబర్ హెచ్‌డీఎంఐ వాడాలి. దానికి ఒక తల బాక్సు వైపు, ఒక తల టీవీ వైపు అని రాసి ఉంటుంది. తిరగేసి లాగితే బొమ్మ రాదు, మొత్తం పీకి మళ్ళీ లాగాలి. నేను ఒకసారి లాగాను, అనుభవంతో చెబుతున్నా.

కరీంనగర్_కాక
అసలు నాకు అర్థం కాని ముచ్చట ఒకటి అడుగుత. బాక్సు ఒక్కటే అంటున్నవు, టీవీలు మూడు. మీ నాయిన వార్తలు చూస్తుంటె నువ్వు పైన మ్యాచ్ ఎట్ల చూస్తవ్?

కాకినాడ_కొత్తిల్లు
మ్యాట్రిక్స్ ఉంటే ఎవరికి కావాల్సింది వాళ్ళకి వస్తుందని షోరూములో చెప్పారు కదా?

కరీంనగర్_కాక
బాక్సు ఒక్కటుంటె ఒక్కసారికి ఒక్క ఛానలే. మ్యాట్రిక్స్ కాదు, దాని తాత వచ్చినా అంతే. నువ్వు పైనుంచి మ్యాచ్ పెడితే కింద మీ నాయినకు వార్తలు పోయి మ్యాచే వస్తది. ఇల్లు కట్టుడు కాదు, పంచాయితీ కట్టుకుంటున్నవ్.

కాకినాడ_కొత్తిల్లు
...ఇది నేను ఆలోచించనే లేదు. షోరూములో కూడా ఎవరూ చెప్పలేదు.

పాత_కేబులోడు
కాక అన్నది కరెక్టే, కానీ ఈ ఆశ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మేం తెనాలి దగ్గర కేబుల్ నడిపిన రోజుల్లో ఇంటికి ఒకే వైరు, లోపల చిన్న స్ప్లిటర్ పెడితే మూడు టీవీల్లో ఎవరి ఛానల్ వాళ్ళు చూసుకునేవాళ్ళు. ఎందుకంటే అప్పుడు ఛానళ్ళన్నీ ఆ వైరులోనే ఉండేవి, టీవీయే ఏరుకునేది. ఇప్పుడు ఏరుకునే పని బాక్సుది. హైదరాబాదు, విశాఖల్లో 2013 మార్చి 31 గడువుతో డిజిటల్‌కి మారారు, మిగతా ఊళ్ళు తర్వాత. అప్పటి నుంచి టీవీకో బాక్సు. జనం మనసులో మాత్రం ఇంకా ఆ ఎర్ర స్ప్లిటరే ఉంది.

స్ప్లిటర్ కూడా ఊరికే పంచదు. రెండు దారులది పెడితే ఒక్కో దారికి మూడున్నర డెసిబెల్స్ పోతాయి, నాలుగు దారులదైతే ఏడు. చివరి గదిలో బొమ్మ మీద చీమలు పాకేవి, ఫోన్లు మాకొచ్చేవి.

మాదాపూర్_మ్యూట్
చీమలు! పక్కింటి మిక్సీ వేస్తే గీతలు కూడా.

మ్యాట్రిక్స్_మావయ్య
ఈ పని మీద బతికేవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు. షోరూము వాళ్ళది మోసం అనను, కానీ మీ ఇంటికి అది అక్కర్లేదు. మ్యాట్రిక్స్ ఎప్పుడు పనికొస్తుందంటే, బాక్సులు రెండు మూడు ఉండి, గేమ్ కన్సోలు, సీసీ కెమెరా పెట్టె, సినిమాల ప్లేయరు అన్నీ ఒకచోట ఉండి, నాలుగైదు తెరలకి ఏది కావాలంటే అది పంపాలన్నప్పుడు. హోటళ్ళు, ఆఫీసులు, పెద్ద విల్లాలు. అక్కడ హెచ్‌డీబేస్‌టీ అనే పద్ధతిలో ఒక్క క్యాట్6 వైరు (ఇంటర్నెట్‌కి వాడే నెట్‌వర్క్ వైరు) మీద 100 మీటర్ల దాకా బొమ్మ, శబ్దం, రిమోట్ సిగ్నలు, ఆ చివర పెట్టెకి కరెంటు కూడా వెళ్తాయి. అది గొప్ప సౌకర్యమే. కానీ పాత రకంలో 10.2 గిగాబిట్లే పడతాయి, వాసు గారు చెప్పిన 18 కుదించకుండా వెళ్ళాలంటే 3.0 రకం కావాలి, ధర వేరే.

ఇక మూడు తెరలకి మామూలు హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. బాక్సు "నువ్వెంత బొమ్మ చూపించగలవు" అని టీవీని అడుగుతుంది. మూడింట్లో ఒకటి పాతదైతే చాలా స్ప్లిటర్లు దాని స్థాయికే అన్నిటినీ దించేస్తాయి. హాల్లో లక్ష రూపాయల టీవీ, వంటింట్లో పాత 32 అంగుళాలది, రెండింట్లోనూ 32 అంగుళాల దాని బొమ్మే. "మీ స్ప్లిటర్ పాడు" అని నాకు ఫోను.

సరళ_నెల్లూరు
మా ఇంట్లో ఇంకో వింత. స్ప్లిటర్ పెట్టాక మా మామగారు తొమ్మిదింటికి ఆయన గదిలో టీవీ కట్టేస్తే హాల్లో సీరియల్ కూడా ఆగిపోయేది. నెల రోజులు ఆయన కావాలనే చేస్తున్నారనుకున్నా.

మ్యాట్రిక్స్_మావయ్య
సీఈసీ అమ్మా అది. టీవీ ఆపితే "నేను పడుకుంటున్నా, నువ్వూ పడుకో" అని కేబులు మీదే బాక్సుకి చెప్తుంది. ఆయన టీవీ సెట్టింగ్స్‌లో అది తీసేస్తే చాలు. పాపం ఆయన నిర్దోషి.

సరళ_నెల్లూరు
నెల రోజులు కాఫీలో పంచదార తగ్గించాను, ఇప్పుడు ఏం చెప్పుకోను 😄

డాలస్_నుంచి
ఇక్కడి సంగతి చెప్తా, మీకు పనికిరావచ్చు. మేం 2016లో కొన్న ఇల్లు అంతకు పదేళ్ళ ముందు కట్టింది. మొదటి యజమాని అప్పట్లోనే ఇల్లంతా ఆడియో పెట్టించుకున్నాడు. బట్టలుతికే గదిలో ఇనప పెట్టె, అన్ని గదుల వైర్లూ అక్కడికే, గదికో వాల్యూమ్ బొత్తాం, హాల్ గోడలో ఐపాడ్ గుచ్చే సాకెట్. ఆ వెడల్పాటి 30 పిన్నుల సాకెట్ 2012 తర్వాత వచ్చిన ఫోన్లకి సరిపోదు. గోడ పెట్టె తయారుచేసిన కంపెనీ ఈ సరుకే మానేసింది. నేను వచ్చాక మిగిలినవి ఏంటో తెలుసా? రాగి వైర్లు, సీలింగు స్పీకర్లు. వాటికి ఏమీ కాలేదు. మధ్యలో పెట్టె మాత్రం నా చేతిలోనే రెండుసార్లు మారింది.

కాకపోతే ఇక్కడ గోడలు చెక్క, జిప్సమ్ పలకలు. ఎక్కడ కావాలంటే అక్కడ కోసి వైరు జారవిడవచ్చు. మీకు ఆ అవకాశం ఈ 9 రోజులే.

రాస్ప్‌బెర్రీ_రాయుడు
టీవీ గొడవ వదిలేయండి, ఆడియోకి నా దగ్గర చవకైన దారి ఉంది. స్నాప్‌కాస్ట్ అని ఉచిత సాఫ్ట్‌వేరు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు ఒకటి సర్వరు, గదికో చిన్న పై, దానికి డాక్ (డిజిటల్ పాటని స్పీకరుకి పనికొచ్చే సిగ్నలుగా మార్చే ముక్క), స్పీకరు. సర్వరు ప్రతి శబ్దం ముక్కకీ టైము ముద్ర వేసి పంపుతుంది, అన్ని గదులూ ఒక సెకను ఆగి, ఒకే క్షణంలో వాయిస్తాయి. మిల్లీసెకను తేడా కూడా రాదు. ఐదు గదులు నడుపుతున్నా.

కరీంనగర్_కాక
మరి మీ అమ్మ పాట పెట్టాలంటె?

రాస్ప్‌బెర్రీ_రాయుడు
ఫోన్లో యాప్ ఉంది. ఎప్పుడైనా ఆగిపోతే నేను ఆఫీసు నుంచి లాగిన్ అయి రీస్టార్ట్ చేస్తా.

కరీంనగర్_కాక
అంటె దేవుని పాటలు రావాల్నంటె కొడుకు లాగిన్ కావాలె. మంచిగుంది.

రాస్ప్‌బెర్రీ_రాయుడు
నవ్వండి నవ్వండి. నెలకి ఒక్కసారే ఆగుతుంది. (గత నెల మూడుసార్లు.)

హైఫై_హరి
ఒకే క్షణంలో రావడం ఎందుకు ముఖ్యమో కొత్తిల్లు గారికి చెప్పాలి. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది, అంటే మూడు మీటర్లకి దాదాపు 9 మిల్లీసెకన్లు. పక్క గది స్పీకరు అంత ఆలస్యంగా వినిపిస్తే చెవికి తేడా తెలీదు. కానీ వంటింట్లో ఒక బ్లూటూత్ స్పీకరు, పూజగదిలో ఇంకో కంపెనీది పెడితే ఒక్కోదానికీ ఆలస్యం ఒక్కోలా ఉంటుంది, 100, 200 మిల్లీసెకన్ల తేడా మామూలే. అప్పుడు గుమ్మంలో నిలబడితే ఒకే పంతులు రెండుసార్లు మంత్రం చదివినట్టుంటుంది. వైఫై స్పీకర్లు కొంటే అన్నీ ఒకే గుంపులో పనిచేసేవి కొనండి, ఎయిర్‌ప్లే 2 అయితే అన్నీ అదే, గూగుల్ గ్రూపు అయితే అన్నీ అదే. కలగాపులగం వద్దు.

ఇంకోటి, సీలింగు స్పీకర్లకి స్టీరియో అనవసరం. వంట చేస్తూ తిరిగే మనిషికి ఎడమ ఏది, కుడి ఏది? మోనో చాలు.

సరళ_నెల్లూరు
బ్లూటూత్ మాటొచ్చింది కాబట్టి. గృహప్రవేశం అయిన నెలకి డాబా మీద చుట్టాలందరూ కూర్చుని ఉంటే మావారి ఫోన్నుంచి పాటలు పెట్టాం. మధ్యలో మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఆయన కింద ఎత్తారు, మాటలు పైన స్పీకర్లో. ఎవరికి ఎంత చదివింపులు వచ్చాయో, ఎవరు ఖాళీ కవరు ఇచ్చారో అంతా విన్నాం. ఖాళీ కవరు ఇచ్చినాయన అక్కడే ఉన్నారు.

ఆ మర్నాడే ఫోను కనెక్షన్ తీసేసి, పెన్‌డ్రైవ్ పెట్టుకునే ఆంప్లిఫయరు, గోడకి గుండ్రటి వాల్యూమ్ బొత్తాం పెట్టించా. అత్తగారు 74 ఏళ్ళావిడ, కళ్ళు సరిగ్గా కనబడవు, చేత్తో తడిమి తిప్పుకుంటారు. మీ అమ్మగారికి ఏది తేలికో అడిగారా అసలు? ఇంతమంది రాస్తున్నారు, ఆమె మాట ఎవరూ అడగలేదు.

కాకినాడ_కొత్తిల్లు
సరళ గారూ, ఇప్పుడే అడిగాను. "నాకు టేప్‌రికార్డరు చాలు, వంటింట్లో వినపడితే చాలు, ఫోన్లో పెట్టమని నిన్ను లేపలేను" అంది. టచ్ ప్యానెల్ కొట్టేశాను.

సీలింగు స్పీకర్లకి బొత్తాంతో అంటే వైరు ఎలా? నాలుగు చోట్ల ఒకే ఆంప్లిఫయరు లాగుతుందా?

వైర్‌మన్_వాసు
రెండు దారులు. మొదటిది మామూలు 8 ఓంల స్పీకర్లు. రెండు పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపితే 4 ఓంలు, నాలుగు కలిపితే 2 ఓంలు. చాలా ఆంప్లిఫయర్లు 4 కిందకి దిగితే వేడెక్కి ఆగిపోతాయి, లేదా కాలిపోతాయి. అందుకని గదికో ఛానలు ఉన్న ఆంప్లిఫయరు కావాలి, లేదంటే లెక్క చూసి సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలపాలి.

రెండోది 100 వోల్టుల లైను. గుళ్ళో, కల్యాణమండపంలో, బడిలో మైకు సెట్టు వాళ్ళు వాడేది, అహుజా ఆంప్లిఫయర్ల వెనక 100వి అని ఉంటుంది చూడండి. ప్రతి స్పీకరుకీ చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. ఓంల లెక్క అక్కర్లేదు, వాట్లు కూడుకోవడమే. 5 వాట్ల మీద పెట్టిన స్పీకర్లు ఆరు అయితే 30, ఆంప్లిఫయరు 40ది కొంటే హాయి. ఒకే వైరు గది నుంచి గదికి గొలుసులా వెళ్తుంది. గదిలో బొత్తాం తిప్పితే ఆ గదికే తగ్గుతుంది. అమ్మగారికి ఇదే నా ఓటు.

హైఫై_హరి
100 వోల్టుల లైనా? బస్టాండు అనౌన్స్‌మెంటులా ఉంటుంది అన్నా. ఆ ట్రాన్స్‌ఫార్మర్లు బేస్ మొత్తం మింగేస్తాయి. లక్షలు పోసి ఇల్లు కట్టుకుని ప్లాట్‌ఫారం మీద పాటలు వినాలా?

వైర్‌మన్_వాసు
బస్టాండులో ఉండేది ఇనప గొట్టం స్పీకరు. సీలింగులో పెట్టే ఆరున్నర అంగుళాలది మంచి ట్రాన్స్‌ఫార్మరుతో తెచ్చుకుంటే దేవుడి పాటలకి ఏ లోటూ లేదు. బేస్ కావాలంటే హాల్లో టీవీ కింద మీ సరంజామా పెట్టుకోమనండి, అది వేరే.

హైఫై_హరి
హాల్లో వేరే అంటే ఒప్పుకుంటా. వంటింట్లో మిక్సీ మోతలో బేస్ ఎవరికి కావాలి, అదీ నిజమే.

మ్యాట్రిక్స్_మావయ్య
ఏ దారైనా స్పీకరు వైరు ఒకటే, 1.5 ఎంఎం రాగి జంట వైరు. 15 మీటర్లు వెళ్ళి వచ్చినా అర ఓము కూడా రాదు. కానీ దయచేసి ఎరుపు నలుపు కరెంటు వైరు వాడకండి. ఒక ఇంట్లో నేను వేసిన జంటని తర్వాత వచ్చిన పనివాడు మిగులు కరెంటు లైను అనుకుని బల్బుకి కలిపేశాడు. మేం ఆంప్లిఫయరు బిగించిన రోజు పొగ. అప్పట్నుంచి పారదర్శకంగా ఉండే స్పీకరు వైరే వాడతా, రెండు చివర్లా చీటీ కడతా.

బెంగళూరు_బ్యాండ్‌విడ్త్
టీవీల సంగతి తేల్చేద్దాం. హాల్లో, పెద్దవాళ్ళ గదిలో చెరో బాక్సు, పై గదికి ఇంటర్నెట్ మీద చూసే స్టిక్కు. ఎవరి రిమోటు వాళ్ళది. దాచిపెట్టడానికి ఏమీ లేదు, కాబట్టి మ్యాట్రిక్సూ లేదు, దాచిన బాక్సుకి రిమోట్ సిగ్నలు మోసే కన్ను తీగా లేదు. సొంత సినిమాలు ఉంటే మెట్ల కింద పాత కంప్యూటర్లో జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పెడితే అన్ని టీవీల్లోనూ కనిపిస్తాయి.

కానీ స్టిక్కులన్నీ వైఫై మీద పడేస్తే స్లాబు ఊరుకోదు. ఇనప చువ్వలు, కాంక్రీటు దాటి పైకి 5 గిగాహెర్ట్జ్ సిగ్నలు నీరసంగా వస్తుంది. టీవీ టీవీకీ క్యాట్6 వేయండి, పై హాలు సీలింగులో కూడా ఒకటి, అక్కడ వైఫై పెట్టె పెట్టుకోవచ్చు.

పాత_కేబులోడు
డిష్ అయితే బాక్సు బాక్సుకీ డాబా మీది నుంచి వేరే ఆర్‌జీ6 వైరు (డిష్‌కి వాడే గుండ్రటి కేబులు) రావాలి, మధ్యలో మామూలు స్ప్లిటర్ పెడితే పనిచేయదు. డిష్ మీద రెండు నాలుగు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీ (సిగ్నలు పట్టే తల) ఉంటుంది, దాన్నుంచి ఒక్కొక్కటి. కాబట్టి డాబా నుంచి మెట్ల కిందకి ఒక లావు పైపు, 40 ఎంఎం, మర్చిపోవద్దు. పైన మూతిని కిందకి వంచాలి, లేకపోతే వాన నీళ్ళు నేరుగా మీ మెట్ల కిందికే.

వైర్‌మన్_వాసు
క్యాట్6 కొనేటప్పుడు బ్లేడుతో తీగని గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం మీద రాగి పూత. చవగ్గా ఇస్తారు, వంచితే విరుగుతుంది, ఆ వైరు మీదే కరెంటు కూడా పంపాలంటే వేడెక్కుతుంది. లోపలా ఎర్రగా ఉంటేనే తీసుకోండి.

కరీంనగర్_కాక
ఒక్క మాట యాదికుంచుకో. పైన స్టిక్కు మీద మ్యాచ్ చూస్తె డిష్ కన్న శానా సెకండ్లు ఎన్కకు ఉంటది. కింద మీ నాయిన "సిక్సు" అని ఒర్లుతడు, నీకు పైన బౌలర్ ఇంక ఉరుకుతనే ఉంటడు.

మాదాపూర్_మ్యూట్
మా అపార్టుమెంట్లో పై ఫ్లోరు అరుపులే మాకు స్కోరుబోర్డు.

కాకినాడ_కొత్తిల్లు
అందరికీ చెప్పాలి, స్లాబు నిన్న పడింది. చేయించినవి: ప్రతి టీవీ చోటికీ రెండు 25 ఎంఎం పైపులు, పై హాలు సీలింగుకి ఒకటి, వంటిల్లు, పూజగది, వరండా కలుపుతూ స్పీకర్లకి కింది సీలింగు వెంబడి బయటి పైపు (కింద స్లాబు ఎప్పుడో పడిపోయింది కదా, ఫాల్స్ సీలింగులో దాస్తాం), డాబాకి 40 ఎంఎం. అన్నిట్లోనూ నైలాన్ తాడు ఉంచాం. స్లాబు పొయ్యకముందు ఫోన్లో వీడియో తీసి పెట్టుకున్నా, టేపు పట్టి చూపిస్తూ. పైపులకి, తాళ్ళకి, బెండులకి ఎనిమిది వేలు దాటలేదు. 100 వోల్టుల లైనే అనుకుంటున్నాం.

ఒక్క చిక్కు. ఈ పొద్దున తాళ్ళు లాగి చూస్తే డాబాకి వెళ్ళేది కదలట్లేదు. వైబ్రేటరు పెట్టినప్పుడు జాయింటు ఊడి కాంక్రీటు వెళ్ళిందని మేస్త్రీ అనుమానం.

కరీంనగర్_కాక
అన్నిట్ల పెద్ద పైపే మూసుకపాయె. ఐతారం దావత్ గయా.

వైర్‌మన్_వాసు
ఒక్కరోజే కదా, కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉంది, స్టీలు స్ప్రింగుతో పై నుంచి పొడిచి చూడమనండి, పల్చటి సిమెంటు నీళ్ళే వెళ్ళుంటే వస్తుంది. ఆ పైపులో నీళ్ళు మాత్రం పొయ్యకండి. రాకపోతే బాధపడకండి, బాత్రూము గొట్టాలు దిగే షాఫ్టులో గోడకి క్లిప్పులు కొట్టి ఇంకో పైపు దింపండి, బయటికి కనపడదు.

కాకినాడ_కొత్తిల్లు
స్ప్రింగు పెట్టించా. నాలుగడుగులు వెళ్ళి ఆగింది. షాఫ్టే గతి. అమ్మ మాత్రం "డాబా మీద పాటలెందుకు, పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్ల ఉంది" అంటోంది.

ఇంకో ప్రశ్న. సెంట్రింగు విప్పాక పైన గోడలు లేస్తాయి. మంచం మీద పడుకుని చూసే టీవీకి పాయింటు నేల నుంచి ఎంత ఎత్తులో పెట్టాలి?

మ్యాట్రిక్స్_మావయ్య
టీవీ ఎన్ని అంగుళాలు, మంచం ఎత్తెంత, ముందు అవి చెప్పండి. షోరూము వాళ్ళు నిలబడి చూసే ఎత్తు చెప్తారు, అది వినకండి.